ఐదో రేకు

చేపల మీద పేలు లెక్కపెట్టడం నా ఉద్యోగం.
నవ్వకండి.
లెర్విక్ రేవులో తెల్లారకుండానే పడవెక్కి
ఒక్కో సాల్మన్‌ని మత్తునీళ్ళ తొట్టిలో అటూ ఇటూ తిప్పి
మగపేను, ఆడపేను, గుడ్లు మోసే పేను
పలక మీద గీతలు గీసుకుంటాను.
సాయంత్రానికి, అంటే ఇక్కడి చలికాలంలో మూడింటికి,
కళ్ళు మూసినా చుక్కలు పాకుతుంటాయి.

అలాంటి ఒక సాయంత్రం
కింది వాటాలో రాగ్న్‌హిల్డ్
చీపురుకర్రతో తన కప్పు పొడిచింది.
నా నేల మోగింది. రమ్మని అర్థం.
మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుందట.
కట్టు వేసిన చేతిని దిండు మీద
ఎవరి పసిబిడ్డనో చూస్తున్నట్టు పడుకోబెట్టి
"బుధవారం. వాఫుల్స్ తప్పవు.
చెయ్యి నీది, నోరు నాది" అంది.

ఓడ రాక మూడు రోజులు.
కొట్లో పాల అరలు బోసిగా ఉన్నాయి.
ఆమె దగ్గర మాత్రం పులిసిన మీగడ ఉంది,
రోడ్డు మలుపులో చెక్కపెట్టెలో చిల్లరేసి తెచ్చిన గుడ్లున్నాయి.
"పిండెంత?" అన్నాను.
"చాలినంత."
"చక్కెర?"
"సిగ్గుపడనంత."
నాకు వంట నేర్పినావిడా ఇలాగే ఏడిపించింది.

ఏలకుల డబ్బా తీసింది.
మూత మీది బొమ్మ వెలిసిపోయింది,
లోపలి పొడి అంతకు ముందే.
వాసన చూస్తే రంపపుపొట్టు.
పైకెళ్ళి ఎనిమిది కాయలు తెచ్చి
గ్లాసు అడుగుతో నలిపాను.
"ఇది వంటిల్లా, అత్తరు కొట్టా?" అని ముక్కు చిట్లించింది.
ఆ తర్వాత ఏమీ అనకుండా
గిన్నె దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

పిండి అరగంట నానాలి.
ఆ అరగంటా గాలి కిటికీని తోస్తూనే ఉంది.
ఇరవయ్యేళ్ళప్పుడు ఓలెసుండ్ నుంచి
ఈ ఇనప అచ్చుని ఒళ్ళో పెట్టుకుని సముద్రం దాటానంది,
పెట్టెలో పెడితే పెళ్ళిబట్టలు నలుగుతాయని.
మొగుడి గురించి అడిగితే
"బాగా తినేవాడు" అంది. అంతే.

అచ్చు కాలింది. వెన్న చుర్రుమంది.
అట్లపిండి కంటే చిక్కన, గారెలపిండి కంటే జారుడు.
గరిటెడు పోసి, మూసి,
పిడి పట్టుకుని మంట మీద తిరగేశాను.
మొదటిది పైదవడకీ కిందిదవడకీ అంటుకుని చీలిపోయింది.
"మొదటి అట్టు పెనానిది" అనుకున్నాను, పైకే, తెలుగులో.
"మొదటిది కుక్కది" అంది ఆవిడ.
కుక్క లేదు. పోయి పదకొండేళ్ళట.
అయినా తునకలన్నీ సాసర్లో వేసి
గుమ్మం దగ్గర పెట్టమంది.
పెట్టాను.

రెండోది చెక్కుచెదరకుండా లేచింది.
ఐదు హృదయాలంటారు వీళ్ళు.
నాకు మాత్రం నందివర్ధనం,
కాకపోతే పొయ్యి సెగకి రంగు తిరిగిన నందివర్ధనం.
కరకరలాడదు, వేళ్ళ మధ్య మడతపడుతుంది.
పైన రబర్బ్ జామ్, ఆపైన
చిత్రిక పట్టినట్టు పల్చగా చెక్కిన గోధుమరంగు చీజ్.
కోవాలో ఎవరో పొరపాటున ఉప్పేశారనుకున్నాను.
రెండో ముక్కకి
పొరపాటు కాదనిపించింది.

ఆఖరి వాయి. ఇద్దరం. ఐదు రేకులు.
తలా రెండు పోగా ఒకటి.
నువ్వు తినంటే నువ్వు తినని
పళ్ళెం బల్ల మీద కాసేపు పడవలా తిరిగింది.
"విరిగిన ఎముకకి బలం కావాలి" అన్నాను.
"పేలు లెక్కపెట్టేదానికి అంతకంటే" అంది.
ఎవరం ముట్టలేదు. గుడ్డ కప్పి వచ్చేశాను.

మర్నాడు పడవలో, ఇంకా చీకటే,
కోటు జేబులో ఏదో గరగరమంది.
వెండికాగితం పొట్లం.
గుమ్మంలో కొక్కేనికి తగిలించిన కోటు దాకా
ఎప్పుడు మెట్లెక్కిందో,
ఒంటిచేత్తో ఆ మూలలు ఎలా మడిచిందో.

చేతితొడుగు పళ్ళతో లాగి
చల్లారిన ఐదో రేకు కొరికాను.
ఉప్పుగాలి. మీగడ పులుపు.
పంటి కింద నలగని ఏలకి గింజ ఒకటి.
ముందు తొట్టిలో పదిహేడో చేప,
దాని మీద ఆరో, ఏడో…

లెక్క తప్పింది.
మళ్ళీ మొదటినుంచి.