మట్టిమిద్దె

సిరోంచలో మే నెల.
కుట్టుమిషన్ మీద చెయ్యి పెడితే సుర్రుమనేది.
సర్కారిచ్చిన స్లాబు పొద్దంతా మింగిన ఎండను
రాత్రంతా మా మీదే కక్కేది.

తాత మట్టిమిద్దె మీద
తొలకరికి గడ్డి మొలిచేది.
నిచ్చెనేసి మేకనెక్కించి మేపేటోడు.
"మిద్దె అంటేనే మన్ను రా" అనేటోడు.

అక్క బానమ్మ ఊకోలే.
తార్పాలిన్ పరిచి,
యూరియా సంచుల్లో ప్రాణహిత ఒండ్రు మోసి పోసింది.
గరిక, బచ్చలి, ఎక్కడిదో ఒక రావిమొలక.
దాన్ని మాత్రం పీకింది,
వేరు స్లాబును చీలుస్తదని.

"ఛతావర్ శేతీ?" నవ్విండు గ్రామసేవక్.
"వచ్చే ఎండలకు రా సారూ,
కింద కూసొని పో."

ఈ ఏడు సూది చల్లగ నడుస్తుంది.
రాత్రి వానొచ్చింది.
గొట్టంల నుంచి చానాసేపు
చుక్క రాలే.

పైన ఎవరో
తాగుతున్నరు.