తాత్కాలిక వస్తువు

వెనక తలుపు కింద మూడు మెట్లు.
ఏప్రిల్‌లో మంచు కరిగాక చూస్తే
నడిమి మెట్టు నానిన రొట్టెలా వేలికి ఊడొచ్చింది.
పది పలకలు, గుప్పెడు మేకులు, ఒక శనివారం.
నా లెక్క అంతే.

టౌన్ ఆఫీసు మంగళ, గురువారాల్లో, తొమ్మిది నుంచి పన్నెండు దాకా.
ఓడిల్ పెల్కీ,
ఐదో తరగతిలో నా పెన్సిళ్లు కొరికిన ఓడిల్,
కళ్లద్దాల మీదుగా నన్ను ఎవరో అన్నట్టు చూసి
"మరమ్మతా, పునర్నిర్మాణమా?" అంది.
మెట్లు, అన్నాను.
మరమ్మతైతే అనుమతి అక్కర్లేదట.
సగానికి మించి మారిస్తే పునర్నిర్మాణమట.
మూడు మెట్లలో సగం ఎంత, ఓడిల్?
అది కోర్మియేని అడగాలి.
కోర్మియే నాలుగు ఊళ్లకి ఒక్కడే ఇన్‌స్పెక్టరు,
ఫోను చేస్తే వాడి గొంతు దొరుకుతుంది, వాడు దొరకడు.

నదికి డెబ్బై అయిదడుగుల దూరం ఉండాలి.
మా ఇల్లు అరవై ఎనిమిది.
ఇల్లు కట్టిన నాడు ఈ రూలు లేదు,
నదీ ఇంత దగ్గర లేదు.
కదిలింది అది. ఫారం నింపేది నేను.

స్కేలు ప్రకారం ప్లాను గీయమన్నారు.
నలభై ఏళ్లుగా ఉంటున్న ఇంటిని
మొదటిసారి టేపు పెట్టి కొలిచాను.
నొయెల్లా ఆ కొస పట్టుకుంది, వదిలేసింది, తిట్టింది, మళ్లీ పట్టుకుంది.
వంటగది ఓ మూల రెండంగుళాలు వంకర.
"అందుకేనా మన టేబుల్ కాలి కింద ఎప్పుడూ అట్టముక్క!"
చెర్రీ చెట్టు గీశాను,
కుక్కను పాతిపెట్టిన చోటూ గీశాను.
ఇవి అక్కర్లేదని ఓడిల్ ఎర్ర పెన్నుతో కొట్టేసింది.
కుక్క దగ్గర మాత్రం పెన్ను కాస్త ఆగింది.
అది ఒకసారి ఆమెను కరిచింది కూడా.

కలపకి తొంభై ఆరు డాలర్లు.
ఫీజు నూట ఇరవై.

మే పోయింది, జూన్ పోయింది.
తలుపు కింద ఎర్ర ప్లాస్టిక్ పాలపెట్టె బోర్లించాం.
ఉతికిన బట్టలు, బంగాళాదుంపల బస్తా,
మా ఇద్దరి నాలుగు మోకాళ్లు
అన్నీ దాని మీదుగానే.

ఆగస్టులో కోర్మియే వచ్చాడు.
మంచివాడే, ఆ ఎండలో మెడంతా దోమకాట్లు.
పెట్టె మీద కాలు పెట్టాడు, అది జారింది.
వాడు నా భుజం పట్టుకున్నాడు,
నేను తలుపు పట్టుకున్నాను,
తలుపు తన తుప్పు బందుల్ని పట్టుకుంది.
ముగ్గురం అలా కాసేపు.
"మరి దీనికి అనుమతి కావాలా?" అన్నాను పెట్టెను చూపించి.
ఊపిరి తీసుకుని, అట్ట మీద ఏదో రాసుకుంటూ
"అక్కర్లేదు. తాత్కాలిక వస్తువు" అన్నాడు.

అనుమతి నవంబరులో వచ్చింది, ముద్రతో సహా.
గుంజలు నాలుగడుగుల లోతున దిగాలని
రెండో పేజీలో ఉంది.
పారతో పొడిచాను. నేల ఠంగుమంది.

పలకలు గరాజులో ఉన్నాయి, వాటి మీద పిల్లి ఉంది.
ఈ ఉదయం నొయెల్లా పెట్టె మీద ఉప్పు చల్లి,
పక్కకి తిరిగి,
నా చెయ్యి అడక్కుండా
దిగింది.