దడువాయి బిడ్డ

రాత్రి రెండూ పదికి మిర్యాలగూడ మళ్లా మాయమైంది,
మూడో రాత్రి ఇది.
హాలియా దిక్కు, దామరచర్ల దిక్కు
తొవ్వలన్నీ ఒక్కపారి మరిచిపోయి
మా రౌటర్ కూలబడ్డది,
లేచి, మీరెవరని అందరినీ మొదటినుంచి అడిగింది.

జానీమియా ఫోన్ చేసిండు:
తీగ తెగలేదు ఉపేంద్రక్కా, స్తంభం కిందనే ఉన్న.
తెగింది తీగ కాదని నాకూ తెలుసు.

ఎరువుల కొట్టు మీది గది. యూరియా వాసన,
ఏసీ చుక్కలకు పెట్టిన బకెట్.
పట్టిన పాకెట్టును తెర మీద పోసి గింజ గింజ ఏరుతున్న.
హాలియా రౌటర్ పేరున వచ్చిన పలకరింపు,
పది సెకండ్లకోసారి ఉన్నా, ఉన్నా అనేపాటి మాట.
ఈసారి చీటీ మీద ఒక లెక్క, సంచిల ఇంకో లెక్క.

మా నాయిన మార్కెట్ యార్డుల దడువాయి.
బస్తా మీది రాత చూసి తూకం రాసినోడు కాదు.
సేట్లు నవ్వేటోళ్లు, ఎనక బండ్లు ఆగేటియి,
కాంటా ముల్లు నిలబడేదాక ఆయన నిలబడేటోడు.

ఈ ప్రోగ్రాం రాసినాయన ఎవరో, ఏ నడిరేయి రాసిండో,
రెండువందల యాభై ఆరు గళ్లు చాలనుకున్నడు.
పొరుగోడు అబద్ధమాడతడా అనుకున్నడు.
తప్పు పట్టలేను.

గళ్లు నిండినయి. పోసుడు ఆగలేదు.
పొర్లిన బైట్లు పక్కకు పారి
అక్కడ మడిచి పెట్టిన చిన్న చీటీ మీద పడ్డయి,
పని అయినంక ఎక్కడికి తిరిగి పోవాలెనో రాసుకున్న చీటీ.
పని అయింది. చీటీ తెరిచింది.
అండ్ల వేరేవాడి చేతిరాత.

పిచ్చిరాత కాబట్టి కూలబడ్డది.
చిరునామా సరిగ్గ రాసి ఉంటే కూలబడేదే కాదు,
అవే పచ్చదీపాలు మినుకుమనిపిస్తూ
వాడి కొలువు చేసేది.
ఆ మాటకే చెంబెడు నీళ్లు తాగిన.

మందు ఒక్క వరుస,
అదీ ఒక్క అక్షరం మీద నిలబడ్డది: దాటి'తే'.
దాటితే పారెయ్.
నాలుగింటికి ఎక్కించి, అదే పాకెట్టును నేనే పంపి చూసిన.
పారేసింది. ముల్లు నిలబడ్డది.
కింద రైసుమిల్లు లారీలు వేబ్రిడ్జికి లైను కట్టినయి.

అప్పుడు మళ్లా జానీమియా:
అక్కా, హాలియా పెట్టెకు తొమ్మిది నుంచి కరెంటే లేదంట.

మూడు రాత్రుల పిచ్చిరాతలు పక్కపక్కన పెట్టుకొని కూసున్న.
మొదటిది గీతలు. రెండోదాంట్ల అంకెలు.
మూడోది ఇంచుమించు చిరునామానే.
ఎవరికో
చెయ్యి తిరుగుతున్నది.