ఏడో నంబరు క్యాసెట్టు

చీమకుర్తిలో మధ్యాహ్నం రెండింటికి
క్వారీలో తూటా పేలుతుంది.
కిటికీ ఊచలు గజగజమంటాయి,
డెక్కు మీటర్లో ముల్లు ఎర్రగీత దాటి
తప్పు చేసినట్టు వెనక్కొస్తుంది.
అది పేలేదాకా ఆగి రికార్డు చేయడం నేర్చుకోడానికి
నాకు ఏడాది పట్టింది.
ఆగకుండా చేయడానికి ఇంకో ఏడాది.

మోటార్లు చుట్టే కొట్టు మీద ఒక గది,
రెండు డెక్కులు, ఒకదానికి మూత లేదు.
కంపెనీ పేరు రాతిబురద.
అంటే నేనూ, నాగులుప్పలపాడు నుంచి
మోపెడ్ మీద వచ్చే కరిముల్లా.
ఇల్లుగలాయన మెట్లెక్కి వచ్చి
"ఏందమ్మాయ్, రిపేరా?" అంటాడు.
అవునంటాను. అద్దె పెంచకుండా దిగిపోతాడు.

కొత్త క్యాసెట్లు దొరకవు.
ఒంగోల్లో మూతబడ్డ రికార్డింగ్ సెంటర్లో
మూడు గోతాలు, కేజీ లెక్కన కొన్నాం.
పెళ్లి సన్నాయి, సువార్త కూటం,
ఎవరో లిస్టు రాసిచ్చి ఎక్కించుకుని
తీసుకుపోవడం మరిచిన పాటలు.
వెనక చదరం విరిచేసి ఉంటే
కన్నంలో దూది కుక్కి, పైన టేపు అంటించి
మళ్లీ రాయడానికి ఒప్పిస్తాం.
చెరిపిందంతా చెరగదు.
మా రంపం మోత అడుగునుంచి
ఒక్కోసారి ఎవడో మైకు తట్టి
ముప్పై ఏళ్ల కిందటి ఓటు అడుగుతాడు.
వాణ్ణి అలాగే ఉండనిస్తాం.

గ్రానైటు దిమ్మెను పలకలుగా కోసే రంపం
ఒక వైపు ముప్పై నిమిషాలు, రెండో వైపు ముప్పై.
నలభై కాపీలు చేశాం.
పదకొండు పోస్టులో పోయాయి.
పోయాయంటే, అమ్ముడుపోయాయి.
కౌంటర్లో కోటమ్మగారు పొట్లం ఊపి చూసి
"లోపలేముంది?" అంటే
"చప్పుడండీ" అన్నాడు కరిముల్లా.
తూచింది. డెబ్బై గ్రాములు.

పన్నెండో రోజున ఏడో నంబరు తిరిగొచ్చింది.
కందుకూరు మాస్టారు ఇన్‌లాండు కవరు కూడా పెట్టారు:
*ఇందులో పాట లేదు. పాడైపోయింది. నా డబ్బులు పంపగలరు.*
మూల టేపు ఒక డెక్కులో, ఏడో నంబరు ఇంకో దాంట్లో,
ఎడమ చెవి వాడిది, కుడి చెవి నాది.
రాత్రి పదకొండుదాకా విన్నాం.
ఏది పాడైందో మాకే తెలియలేదు.
కాసేపు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

పొద్దున్నే మాలకొండయ్యను పిలిచాం.
ఇరవై రెండేళ్లు రంపం దగ్గర నిలబడి
చెవులు రెండూ అక్కడే వదిలి వచ్చిన మనిషి.
పిలిచామంటే, వెళ్లి భుజం తట్టాం.
ఆయన నోట్లో వేపపుల్ల తీయకుండానే వచ్చి
దాని రెండో కొసను స్పీకరుకు ఆనించి
పళ్లతో గట్టిగా పట్టుకుని
కళ్లు మూసుకున్నాడు.

మూల టేపుకు తల ఊపాడు.
"బ్లేడు పాతది" అన్నాడు పుల్ల పక్కనుంచి.
"ఇక్కడ రాయిలో జీర తగిలింది. చూడు, తగిలిందా."
ఏడో నంబరు పెట్టాం.
అర నిమిషం కాలేదు,
"నీళ్లు ఆగినయ్! రంపం ఒట్టిగా కోస్తన్నది,
ఎవుర్రా నీళ్లు కట్టేసిందీ?"
లేచి నిలబడ్డాడు.
ఆయన కుడి చెయ్యి గోడ మీద
లేని వాల్వు కోసం వెతికింది.
మా గది సున్నం కొంచెం రాలింది.

ఏడో కాపీ తీసిన డెక్కు హెడ్డును స్పిరిట్ దూదితో తుడిస్తే
దూది బెల్లం రంగుకు తిరిగింది.
రంపం మీద పడే నీళ్ల సవ్వడి,
ఆ సన్నటి బుసంతా
ఆ మురికి దగ్గరే ఆగిపోయింది.

మాస్టారికి నూట ఇరవై పంపేశాం.
మాలకొండయ్య టీ తాగలేదు.
గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చి
"దాన్ని ఎక్కువసేపు తిప్పబాకండి,
బ్లేడు పోద్ది" అని చెప్పి మెట్లు దిగాడు.

ఏడో నంబరు మా అల్మారాలోనే ఉంది.
వదులైన టేపు చుట్టే పెన్సిలుతోనే
కరిముల్లా దాని లేబులు మీద రాశాడు:
నీళ్లు లేవు.