తప్పులు రాసే పాప

ధర్మవరంలో, పట్టుచీరల అంగళ్ల వెనక సందులో
డాక్టర్ హంపన్న ఆస్పత్రి.
రెండు బెంచీలు, ఒక తెర, పోయినేటి క్యాలెండరు.
మూలలో నా స్టూలు. ఒళ్లో ఫారాలు.

"ఏం జేస్తాంది ఆ పాప?" అని ఎవరో అడిగితే
కాంపౌండరు దస్తగిరి సూది తీస్తూనే చెప్పినాడు:
"తప్పులు రాసుకుంటాది."
ఆ పొద్దు నుంచి నన్ను చూస్తే కాళ్లు ముడుచుకునేవాళ్లు,
చిత్రగుప్తుడి చిట్టా మోసుకొచ్చినట్టు.

అనంతపురంలో శిక్షణ ఇచ్చినాయన చెప్పింది ఒకటే:
చూడాలి, రాయాలి, కలగజేసుకోరాదు.
గోడ మీది బల్లిలాగ ఉండాలి.
ఆ మాట చెప్తే దస్తగిరి నవ్వినాడు:
"బల్లి అయినా పలుకుతాది గదమ్మా."

మనిషికి రెండు నిమిషాల పది సెకన్లు.
గడియారం పెట్టి కొలిచాను.
అందులో సగం ఫోనుకు పోతుంది.
మిగిలిన దాంట్లోనే ఆయన నాడి చూసి, నాలుక చూసి
"పిల్లోడు పది పాసైనాడా?" అని అడుగుతాడు.
ఆ ప్రశ్నను ఏ గడిలో వేయాలో
ఫారం తయారుచేసిన వాళ్లు చెప్పలేదు.

ఒక నారప్ప రక్తపరీక్ష
ఇంకో నారప్ప సంచిలో ఇంటికి పోయింది.
"రోజుకు రెండు" అన్నది
ఆటో హారన్‌లో పడి "రెండు రోజులకు" అయింది.
రాశాను. రాయడం బాగానే వచ్చింది నాకు.

చౌడక్కకు అక్షరం రాదు.
ఎరుపులో మాత్రం ముప్పై రకాలు చెప్తుంది:
మిరపపండు, దానిమ్మ గింజ, ఉల్లిపొర,
తడిసిన ఇటుక, ఆరిన ఇటుక.
మగ్గం మీద నలభై ఏండ్లు.
ఆమెకు మాత్ర పేరు కూడా రంగే.
షుగరుది పెసరపొట్టు పచ్చ.

ఆ నెల మందుల అంగడి ఓబుళేసు కంపెనీ మార్చినాడు.
మందు అదే. మాత్ర తెల్లది.

మంగళవారం, బెంచీ మీద సంచి బోర్లించి
పక్కామెతో అంటోంది:
"పచ్చది పాతది, తెల్లది కొత్తగా రాసిచ్చినాడు సారు.
రెండూ మింగుతాండా."
విన్నాను.
ఇరవై ఏడో తప్పు. మందు కంపెనీ మారినట్టు రోగికి చెప్పలేదు.
గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు.
చెప్పలేదు అని రాసిన నేనూ
చెప్పలేదు.

శుక్రవారం, కాళ్లు మగ్గం గుంతలో ఉండగానే
ఒళ్లంతా చెమట. నాడె చేతిలోంచి జారింది.
కోడలు నోట్లో ఇంత చక్కెర పోసి
ఆటోలో ఎత్తుకొచ్చింది.
గ్లూకోజు ఎక్కి కళ్లు తెరిచాక
మొదటి మాట: "పోగు తెగిందా?"

రాత్రి తెర పక్కకు జరిపి
హంపన్న సారు నా ఫారాలు తిరగేసినాడు.
ఇరవై ఏడు దగ్గర వేలు ఆగింది.
"ఇది మంగళవారమే రాసినావే."
గొంతు పెంచలేదు.
"ఎవరి తప్పు అనే చోట నా పేరు ముందు రాయి.
ఓబుళేసుది తర్వాత.
చోటుంటే కంపెనీది."
నా పేరు ఆయన అనలేదు.
పరిశీలకుల తప్పుకు ఫారంలో గడి లేదు.
వెనక పక్క, తెల్ల కాగితం మీద, రాసుకున్నాను.

వారం తర్వాత చౌడక్క వచ్చింది.
తెల్ల మాత్రల అట్టకు
పెసరపొట్టు పచ్చ పట్టుపోగు చుట్టి ఉంది.
"మాత్ర రంగు వాళ్లు మార్చుకోనీ పాపా,
పోగు రంగు నాది."
నివేదికలో ఆ పోగు గురించి అరపేజీ రాస్తే
పెద్దసారు ఎర్రసిరాతో కొట్టేసినాడు:
ఒక్క మనిషి ఆధారం కాదు.
నిజమే. కాదు.

సోమవారం, చీటీ నంబరు నలభై.
బత్తలపల్లి నుంచి ఒక ముసలాయన.
సంచిలోంచి రెండు అట్టలు బయటికి వచ్చినాయి,
ఒకటి గులాబీ, ఒకటి తెల్లది.
పెన్ను మూత పెట్టాను.
"తాతా, ఒక్క నిమిషం. ఈ రెండూ ఒకటే."

తెర వెనక దగ్గు ఆగింది.
సారు తలెత్తినాడు.
దస్తగిరి సూది కిందికి దించి
మెల్లగా అన్నాడు: "పలికింది."

ఆ పొద్దు ఫారం చెల్లదు.
అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టాను.