రెండువేల అక్షరాలకు మించకుండా

నలభై ఏండ్లుగా కడప గోడల మీద
అక్షరానికి ఇంత అని రాసినోణ్ణి.
సైకిలు షాపు, సోడా అంగడి, ఎముకల డాక్టరు,
ఎలచ్చన్లప్పుడు రెండు పార్టీలకూ ఒకే చేత్తో.
ఒత్తులకు వేరే డబ్బుల్లేవు.
అది మా ఖాదరయ్య ఉస్తాదు పెట్టిన లెక్క.
లక్ష్మీ అంటే రెండక్షరాలే,
కింద వేలాడేటివన్నీ ఊరికే.

సువార్తమ్మ టీచరు ఒక కాగితం తెచ్చె.
కళలు నేర్పేవాళ్ళకు సాయం చేసే సంస్థంట.
"ఫ్లెక్సును తిట్టుకుంటా ఎన్నాళ్ళు కూచుంటావు,
పెట్టు ఓబులేసూ దరఖాస్తు" అనె.

ఊరందరి పేర్లూ రాసినోణ్ణి,
నా గురించి ఒక్క ముక్క రాసింది ల్యా.
రాత్రిపూట ఇంట్లో నల్లబండల మీద
సుద్దముక్కతో చిత్తు రాసుకునేది,
తెల్లారి ఈరమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచేసేది.
ఏడు తూర్లు రాసినా.
ఎనిమిదో తూరి ఆ బండొక్కటి వదిలి తుడిచింది.

*మీ ప్రాజెక్టు ఉద్దేశం?*
వైవీ స్ట్రీటులో ఫ్లెక్సుల వెనకాల
ఇంకా బతికుండే పాత బోర్డులు ముప్పైరెండు.
వాటికి మళ్ళా రంగెయ్యల్ల.
పదిమంది పిల్లోళ్ళకు బ్రష్షు పట్టేది నేర్పల్ల.

"ఎందుకు?" అనె టీచరు.
"చదివేవాళ్ళు నిన్ను చూసిందీ ల్యా, నీ గోడను చూసిందీ ల్యా.
ఎందుకో చెప్పు."

ఎందుకో నాకు మాత్రం ఏం తెలుసు.
ఆ రాత్రి గుర్తొచ్చింది మాత్రం,
'అ' రాసేటప్పుడు ఉస్తాదు ఊపిరి బిగబట్టేది,
వంపు తిరిగినంక వదిలేది.
నిచ్చెన పట్టుకున్న నాకు
ఆ గాలి నెత్తిన తగిలేది, బీడీ వాసనతో.
అదే రాసినా.
టీచరు దాని కింద పెన్సిలుతో గీత గీసి
ఏం మాట్లాడకుండా కాగితం తిప్పె.

*ఫలితాన్ని ఎలా కొలుస్తారు?*
నీలిమందు దారంతో, అని రాసింటి.
నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని కొట్టేసింది.
పిల్లోళ్ళెంతమంది, బోర్డులెన్ని, ఎన్ని నెలలు,
అట్ల రాయించింది.

*ఖర్చుల వివరం.*
ఇది మాత్రం నాకు వచ్చు.
ఎనామెలు డబ్బాలు, టర్పెంటైను,
రెండో నంబరు నుంచి పన్నెండు దాకా బ్రష్షులు,
నిచ్చెన బాడుగ,
పిల్లోళ్ళకు పొద్దున కారందోసెలు.

"నీ కూలి యాడుందప్పా?"
"నేర్పేదానికి కూలేంది టీచర్, అది ఊరికే."
ఆమె ఏమీ అనల్యా.
ఒక వరస ఖాళీగా పెట్టమనె.

ఏడురోడ్ల కాడ నెట్ సెంటరు.
జిలానీ అనే పిల్లోడు గబగబా కొట్టి ఆగిపోయినాడు.
"నాలుగువందల అక్షరాలు ఎక్కువైనాయన్నా."
"యాడ అబ్బీ, లెక్కపెట్టుకోనే వచ్చినా."
"నీ లెక్క కాదు, మిషను లెక్క.
పొల్లు ఒకటి, గుడి ఒకటి, ఒత్తు ఒకటి.
లక్ష్మీ అంటే ఏడు."

ఏడా.

స్టూలు మీద కూలబడినా.
ఎన్ని లక్ష్మీ విలాసులు,
ఎన్ని వస్త్రాలయాలు, ఎన్ని స్త్రీల ఆస్పత్రులు,
ఎండకు మెడ కాలతా
కింద కింద అతికించిన ఆ చిన్నచిన్న వంకర్లు.
వాటిని లెక్కపెట్టేది ఒకటుందని
అరవైరెండేండ్లకు తెలిసె.

"ఏం తీసేద్దాం? ఈ ఉస్తాదు ఊపిరీ..."
"దాన్ని ముట్టుకోవద్దు."

సవినయంగా, పోయింది.
తమరు దయతలచి, పోయింది.
పేద కళాకారుడనైన నేను, అన్నకాడ
పేద పోయింది.
తమ విధేయుడు పోయేటప్పుడు
జిలానీ నా మొగం చూసినాడు. కానీ అంటి.

అన్నీ తీసినంక
ఇంకా ఇంత చోటు మిగిలింది.
ఖాళీ వరస మీద వేలు పెట్టి
"రాయి అబ్బీ. నేర్పినందుకు కూలి. నెలకు..."
అంకె నోట్లోనే ఉండిపోయె.

"గట్టిగా చెప్పన్నా,
ఫ్యాను చప్పుడు."

గట్టిగా చెప్పినా.