బిన్ కార్డు

లాలాపేటల మా ఇంటెనక రేకుల షెడ్డు.
ఎండాకాలం లోపలికి పోతే
నెత్తిమీద పెనం బోర్లించినట్టుంటది.
అండ్ల ఒక ఫియట్ కారు మొత్తం ఉన్నది,
కారు తప్ప.

కారమ్మి ఆరేండ్లాయె.
సామాను అమ్మబుద్ధి కాలె.

ఇరవై ఏడేండ్లు ఆర్టీసీ స్టోర్ల చేసిన నేను.
అక్కడ నట్టుకు కూడా ఒక కార్డుంటది:
వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిందెంత,
తీస్కపోయినోళ్ల సంతకం.
రిటైరైనంక చేతులు ఊకోలె.
గోడకు ఇనుప అరలు కొట్టించి
ఒక్కొక్కదాన్ని కిరసనాయిల్ల కడిగి
నా పాత చీరపేగుతోని తుడిచి
పేరు రాసిన.

బేరింగులకు నూనె కాయిదం చుట్టాలె,
లేకుంటే వానాకాలం గాలి తాగి ఎర్రబడతయి.
గాస్కెట్లు మడవద్దు,
పసిపిల్లల లెక్క ఎల్లెలకల పండవెట్టాలె.
వాషర్లు పోపుల డబ్బాల పోసిన,
ఆవాల గిన్నెల ఆరో నంబరు, మెంతుల గిన్నెల ఎనిమిది.
ఒకనాడు నూనె కాగుతుంటే
మా మరదలు అనసూయ ఆ డబ్బా మూత తీసి
వాషర్లను చూసింది, నన్ను చూసింది.
ఆ చూపుకు కార్డు లేదు.

తమ్ముడు బాల్‌రాజు లెక్క వేరే.
చెయ్యి ఏడికి పోతే సామాను ఆడ ఉండాలంటడు.
జెట్టు కిటికీల, ప్లగ్గులు అంగి జేబుల,
ఫ్యాన్ బెల్టు మేకుకు, మేకు దొరక్కుంటే మెడకు.
జుమ్మెరాత్ బజార్ల అగ్గువకొచ్చిందని
ఏ బండిదో తెల్వని గేరొకటి తెచ్చి
“పనికొస్తదక్కా” అంటడు.
ఆ ఒక్క మాటకు
ఎన్ని అరలు కొట్టిచ్చినా సాలయి.

పన్నెండు-పదమూడు పానా తీసిండొకనాడు.
సంతకం పెట్టుమన్న.
“సొంతింట్ల సంతకమేందక్కా?”
“ఇంట్ల కాదు. స్టోర్ల.”
పానా చేతులుండంగనే పోయిండు,
నాచారంల కిరాయింటికి, పెండ్లాన్ని తీస్కొని.
కార్డుమీద, ఇచ్చింది ఒకటి. మిగిలింది సున్న.
సంతకం గడి ఖాళీ.
ఏడాది దాటింది.

మొన్న వాన రాత్రి. కరెంటు లేదు.
ఎవరో గేటు కొడుతుండ్రు.
చూస్తే బాల్‌రాజు, నెత్తిమీద సిమెంటు సంచి.
తార్నాక కాడ పాత పద్మిని ఆగిందంట,
బ్యాండు మేళమోళ్లది,
వెనక సీట్ల మనుషులకన్న బాకాలే ఎక్కువంట.
“డిస్ట్రిబ్యూటర్ మూత పర్రెబాసింది. ఉందా అక్కా?”

ఉంది. మూడో అర, ఏడో డబ్బా.
ఏడో డబ్బా ఏదని?
నా ఫోను సచ్చింది, వానిది తడిసింది.
డబ్బాల మీద నా అక్షరాలను నేనే తడుముతున్న,
మార్కర్ రాత వేలికి తగుల్తదా?
వాడు నా పక్కపొంటి చెయ్యి చాపిండు.
ఒక్కసారికే మూత దొరికింది.

వాడు పోయినంక చీకట్ల నిలబడి ఆలోచించిన.
మూడో అర వాని భుజమెత్తు.
నాకైతే స్టూలెక్కాలె.
దినాం వాడేటియి ఎందుకక్కడ పెట్టిన్నో
ఏ కార్డుల రాసుకోలె.

గేటు కాడ ఆగి తనే అడిగిండు, “ఏడ పెట్టాలె?”
పెన్ను దొరకలె.
బొటనవేలు అద్దిండు.
తెల్లారి చూస్తే గడి నిండ గ్రీజు,
గీతలన్ని సాపుగ కనవడుతున్నయి.
పానా సంగతి వాడెత్తలె, నేనడగలె.

కిందరల ఒక బిస్కెట్ల డబ్బా ఉంది.
మీద ‘తెల్వనియి’ అని రాసిన.
ఇంజను విప్పి బిగిచ్చినప్పుడల్ల
ఒక బోల్టో స్ప్రింగో మిగుల్తది,
బండి మాత్రం మంచిగనే నడుస్తది.
అయ్యి అండ్ల వేస్త. లెక్క రాయ.
అప్పుడప్పుడు చెవి కాడ పెట్టుకొని ఊపుత.
సప్పుడు బాగుంటది.